గాగుల్స్ ఎత్తిన అర నిమిషం

మా ల్యాబ్‌లో నా వెనకాల నాకొక పేరుంది. పోలీసు మేడం. నా ఎదుట ఎవరూ అనరు కానీ, పక్క గదిలో అనుకుంటే వినపడనంత పెద్ద బిల్డింగేం కాదు మాది. గుంటూరులో పశువుల, కోళ్ల జబ్బులు తేల్చే ల్యాబ్ అది. చుట్టుపక్కల ఎక్కడ గేదెలు పడిపోయినా, కోళ్లు వరసపెట్టి చచ్చిపోయినా మేమే వెళ్లి శాంపిళ్లు తెస్తాం. గ్లౌజు మీద రెండో గ్లౌజు వేసుకోకపోతే అరుస్తాను. మాస్కు ముక్కు కిందికి జారితే అరుస్తాను. అరిచాక టీ తెప్పిస్తాను కాబట్టి ఇన్నేళ్లుగా నన్ను భరిస్తున్నారు.

మొన్నటి మిరప సీజన్లో ఒకరోజు పొద్దున్నే పొదిలి అవతల ఒక ఊరి నుంచి కోళ్ల ఫారం రైతు ఫోన్ చేశాడు. "కొక్కెర తెగులనుకుంటా మేడం, ఏటా వచ్చేదేగా" అన్నాడు. ఎన్ని పోయాయని అడిగాను. "పోయినయ్యి అడగబాకండి మేడం, ఉన్నయ్యి ఎన్నో అడగండి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. నాకు భయం మొదలైంది అక్కడే.

వెళ్లింది నేను, మా అటెండరు. ఆ ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరు అక్కడ కలిశారు. అటెండరు నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అందుకని బాబాయ్ అంటాను. ఆయన నన్ను మేడం గారూ అంటారు, ఆప్యాయత ఎక్కువైనప్పుడు అమ్మా అంటారు. కోడిని పట్టుకోవడంలో ఆయనకొక పద్ధతి ఉంది. రెండు రెక్కలూ ఒంటికి ఆనించి మోచేతి కింద ఇరికించుకుంటారు. రెండు వేళ్లతో తల కదలకుండా పట్టుకుని, "అయిపోయింది, అయిపోయింది" అని దాని చెవిలో చెబుతుంటారు. ఇంకా మొదలే పెట్టలేదు కదా బాబాయ్ అంటే, "దానికి తెలుసా ఏందమ్మా" అంటారు. విచిత్రం ఏమిటంటే కోడి నిజంగానే ఊరుకుంటుంది. నేను దూదిపుల్ల గొంతులోకి పోనిచ్చి తీసేస్తాను.

కోళ్ల ఫారం అంటే దగ్గరికి వెళ్లకముందే గోల వినపడాలి. అక్కడ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముగ్గురం తెల్ల కవరాల్స్, మాస్కులు, గాగుల్స్, గ్లౌజులు తగిలించుకుని లోపలికి వెళ్లాం. తలమీది ఎర్ర జుట్టు నల్లగా కమిలిపోయి, కాళ్ల మీద చర్మం కింద నెత్తురు మచ్చలతో కోళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. బతికున్నవి మెడలు వాల్చి మా వైపు చూడకుండా నిలబడ్డాయి. చూడగానే ఇది కొక్కెర కాదని అనిపించింది. కానీ పైకి అనకూడదు. అనుమానం వరకే మా పని. అవునో కాదో చెప్పేది వేరే రాష్ట్రంలో ఉన్న పెద్ద ల్యాబ్. అక్కడి నుంచి మాట వచ్చేదాకా మేం ఆ జబ్బు పేరు ఎత్తం.

ఫారాన్ని ఆనుకునే మిరప కళ్లం ఉంది. ఆడవాళ్లు మూతులకు గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. మేం సగం శాంపిళ్లు తీసేసరికి గాలి మళ్లింది. ఎండలో కాగిన కాయల ఘాటు షెడ్డుకు కట్టిన తెరల సందుల్లోంచి నేరుగా మా మీదికి వచ్చింది. చెమటకు గాగుల్స్ అప్పటికే వదులై ఉన్నాయి. ఘాటు లోపలికి దూరింది, దూరినది బయటికి పోదు. కళ్లల్లో కారం చల్లినట్టే ఉంది. పరిగెత్తి బయటికి వెళ్లి, పద్ధతి ప్రకారం ఒక్కొక్కటీ విప్పి, కడుక్కుని, కొత్తవి వేసుకుని రావాలి. ఇంకొకళ్లయితే నేనే మెడపట్టి గెంటేదాన్ని.

మిరప పండే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఒక అలవాటుంటుంది. కంట్లో ఘాటు పడితే చేత్తో తుడుచుకోం, చేతికి కారం ఉంటుంది కాబట్టి. భుజంతో తుడుచుకుంటాం. చిన్నప్పుడు కళ్లంలో మా అమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది. ఆ రోజు నా బుర్ర నన్ను అడగలేదు. మణికట్టుతో గాగుల్స్ పైకెత్తాను, భుజం మీద కళ్లు రెండూ గట్టిగా రుద్దుకున్నాను, మళ్లీ దించుకున్నాను. అర నిమిషం. ఆ భుజం మీదే అంతకుముందు ఒక కోడి రెక్కలు టపటపలాడించి ఈకల దుమ్మంతా దులిపింది. అది గుర్తొచ్చేసరికి కళ్లు హాయిగా ఉన్నాయి, ఒళ్లు చల్లబడింది.

సాయంత్రం ల్యాబ్‌కి వచ్చి శాంపిళ్లను మూడు పొరల్లో కట్టి, చుట్టూ ఐసు ప్యాకులు పెట్టి, డబ్బాకు టేపు వేశాం. అది గన్నవరం వెళ్లి విమానం ఎక్కాలి. దాంతో పాటు మేం నింపి సంతకాలు పెట్టాల్సిన కాగితం, ఒక ఫారం ఉంటుంది, వెళ్లినవాళ్ల గురించి. పనిలో ఉండగా రక్షణ దుస్తులు ఏవైనా తొలగించారా అని అందులో ఒక ప్రశ్న. నా పేరు ఎదురుగా 'లేదు' అని రాశాను. అదే ఊపులో బాబాయ్ పేరు ఎదురుగా, డాక్టరు గారి పేరు ఎదురుగా కూడా 'లేదు' అని రాసేశాను. డాక్టరు గారు ఆ ఊళ్లోనే ఉండిపోయారు కాబట్టి ఫోన్లో చెప్పాను, సరే మేడం అన్నారు. బాబాయ్ ఫారం వైపు కాసేపు చూసి సంతకం పెట్టారు.

ఎందుకు రాశానంటే, భయపడి. రోగానికి కాదు, నవ్వుతారని. పోలీసు మేడమే గాగుల్స్ ఎత్తిందట అని పక్క గదిలోంచి వినాల్సి వస్తుందని.

రెండు రోజులకు పెద్ద ల్యాబ్ నుంచి మాట వచ్చింది. బర్డ్ ఫ్లూయే. ఆ ఫారంలో మిగిలిన కోళ్లను చంపి పూడ్చిపెట్టే పనికి వేరే జట్లు వెళ్లాయి. మేం ముగ్గురం పదిరోజులు పొద్దునా సాయంత్రం జ్వరం చూసుకోవాలి, కళ్లు ఎర్రబడ్డా దగ్గు వచ్చినా చెప్పాలి. చెప్పాలంటే తెలియాలి కదా. మా ఆయన మిరప యార్డులో గుమాస్తా. టిక్కీల మధ్య, అంటే మిరప బస్తాల మధ్య తిరిగి ఇంటికొచ్చి భోజనం అయ్యేదాకా దగ్గుతారు. అద్దంలో నా కళ్లు చూసుకుంటే ఎర్రగా ఉన్నాయి. పక్కనే పళ్లు తోముకుంటున్న ఆయన కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఈ సీజన్లో యార్డు పక్కన కాపురం ఉంటూ కళ్లు తెల్లగా ఉన్నాయంటే వాళ్లు నిన్ననే ఊళ్లో దిగినవాళ్లయి ఉండాలి. మామూలు రోజుల్లో ఈ మాట చెప్పి నవ్వేదాన్ని. అప్పుడు అద్దం ముందు నిలబడి, కింది రెప్ప లాగి చూసుకుంటూ, ఇది కారమా, అదా అని నన్ను నేను అడుక్కున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం మా అమ్మాయి బడి నుంచి ఫోన్ వచ్చింది. దానికి ఆరేళ్లు. ఒళ్లు కాలిపోతోందట. తీసుకొచ్చేసరికి దగ్గు కూడా మొదలైంది. రోజూ నా మీద కాలేసుకుని పడుకునే పిల్ల అది. గాగుల్స్ ఎత్తిన రోజు కూడా అలాగే పడుకుంది, నేను వద్దనలేదు.

"పిల్లలకు జ్వరాలు రావా ఏంటి, సిరప్ పట్టు" అన్నారు మా ఆయన. నేను మంచం పక్కన కూర్చుండిపోయాను. ఆ పురుగు ఊపిరితిత్తులను ఏం చేస్తుందో నేను చదువుకున్నాను. మందు మొదలుపెట్టాల్సింది తొలి రెండు రోజుల్లోనే అనీ తెలుసు. డాక్టరుకు చెప్పకపోతే మామూలు జలుబు మందు రాస్తాడు. చెబితే నేను ఫారంలో రాసింది అబద్ధమని తేలుతుంది. ఈ రెండింటి మధ్య నేను తూకం వేసుకున్నాను. ఎంతసేపో గుర్తు లేదు కానీ, వేసుకున్నాను. కన్నతల్లిని అయ్యుండి ఆ కాసేపు ఎలా ఆలోచించానో ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"ఏవండీ, ఆ రోజు కోళ్ల ఫారంలో నేను గాగుల్స్ ఎత్తాను. కళ్లు తుడుచుకున్నాను" అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఐదు రోజులై నోట్లో ఏం పెట్టుకున్నావే?" అని అరిచారు. మా పెళ్లయ్యాక అంత గట్టిగా అరవడం అదే. తర్వాత ఆయనే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆరోగ్యశాఖ వాళ్లు గంటలో వచ్చారు. నా గొంతులోంచి, పిల్ల గొంతులోంచి, ముక్కుల్లోంచి శాంపిళ్లు తీసుకుని ఇద్దరికీ మందు మొదలుపెట్టారు. తెల్ల కవరాల్ వేసుకున్న మనిషిని చూసి పిల్ల, "అమ్మా, వీళ్లు నీ ల్యాబ్ వాళ్లా? మరి నేను కోడిని కాదుగా?" అంది. కాదమ్మా అన్నాను. మనుషుల శాంపిళ్లు చూసే ల్యాబ్ వేరు. ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఒకటిన్నర రోజూ దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. దాని గొంతులో గురక వినపడితే నా గుండె జారిపోయేది. వినపడకపోతే ఇంకా జారిపోయేది. ఎన్ని వేల కోళ్ల గురించి 'మరణించినవి' అని ఫారాల్లో నింపానో, ఆ మాట రాయడానికి ఇక నా చెయ్యి వస్తుందా అనుకున్నాను.

ఇద్దరికీ లేదని వచ్చింది. పిల్లది మామూలు జలుబు జ్వరం. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్లి ఆ ఫారం తీసి, నా పేరు ఎదురుగా ఉన్న 'లేదు' కొట్టేసి, పై ఆఫీసుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. బాబాయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పాపకి ఎట్టా ఉందమ్మా?"

"తగ్గింది బాబాయ్. నేను మీకు ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను గాగుల్స్ ఎత్తాను. లేదని అబద్ధం రాశాను."

"తెలుసమ్మా. చూశానుగా."

నేను పెన్ను కింద పెట్టేశాను.

"మీరెత్తారుగా, పర్లేదేమోలే అనుకుని నేనూ ఎత్తా. నన్ను చూసి డాక్టరు గారూ ఎత్తారు. కళ్లు మండిపోతున్నాయి కదమ్మా, ఎవరికైనా."

"మరి చెప్పలేదేం బాబాయ్?"

"మీరు లేదని రాశాక నేను అవునని ఎట్టా చెప్తానమ్మా" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. నన్ను కాపాడాననే అనుకుంటున్నారు ఆయన.

ఆ మాట అంటూ పక్కకు తిరిగి దగ్గారు. ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు అని అడిగాను. "మూడు రోజులయింది. కారం ఘాటుకేలే" అన్నారు. వాళ్ల ఇల్లూ యార్డు వెనకే. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయన కూతురు పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉందని. మనవడికి మూడో నెల. పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారని అడగలేకపోయాను, అయినా ఆయనే చెప్పారు. "రోజంతా నా ఒళ్లోనేనమ్మా వాడు. నిన్నటి నుంచి వాడూ తుమ్ముతున్నాడు."

నా కూతురి మంచం పక్కన కూర్చున్న ఆ ఒకటిన్నర రోజులో, వెళ్లింది ముగ్గురమని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వాళ్ల పేర్ల ఎదురుగా నేను అడగకుండా 'లేదు' రాశానని తట్టలేదు. నా బిడ్డకు మందు పడింది, ఈ పసివాడికి రెండో రోజు నడుస్తోంది. వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేశాను, తర్వాత ఆరోగ్యశాఖకు చేశాను.

ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత వాళ్లందరికీ లేదనే వచ్చింది. నాకు మెమో వచ్చింది, రావాలి కూడా. ఇప్పుడు ఫారం నింపేటప్పుడు నా తప్పులు ముందు చెప్పి, తర్వాతే మిగతావాళ్లను ఒక్కొక్కరినీ విడిగా అడుగుతున్నాను. పోలీసు మేడం అనే మాట ఈ మధ్య వినపడటం లేదు.

కానీ ఆ సీజన్ తలుచుకుంటే నాకు కనిపించేది బాబాయ్ వాళ్ల ఇంటి వరండా. నేను గేటు దగ్గరే మాస్కుతో నిలబడ్డాను. శాంపిల్ తీసే అమ్మాయి దూదిపుల్ల పట్టుకుని ఉంది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తూ తల అటూ ఇటూ తిప్పేస్తున్నాడు. వాళ్ల అమ్మ పట్టుకోలేకపోయింది, చేతులు రావడం లేదంది. బాబాయ్ మాస్కు సరిచేసుకుని వాణ్ణి తీసుకున్నారు. రెండు చేతులూ ఒంటికి ఆనించి మోచేతి కింద ఇరికించుకున్నారు. రెండు వేళ్లతో తల కదలకుండా పట్టుకున్నారు. "అయిపోయింది, అయిపోయింది" అంటున్నారు. దూదిపుల్ల ఇంకా కవర్లోంచి తీయనేలేదు. ఆయన తలెత్తి గేటు వైపు, నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.