కొంగు మీద డిమాండ్ రేఖ

నేను ఎల్లారెడ్డి కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఇల్లు కామారెడ్డిలో. రోజూ బస్సులో పోయి రావడం. ఆ బస్సు ఎంత కిక్కిరిసి ఉంటుందంటే, కామారెడ్డిలో పీల్చిన గాలిని లింగంపేటలో నలుగురు దిగాక గానీ వదలడానికి వీలుండదు. ఒకసారి తాడ్వాయి దగ్గర ముక్కు దురద పెట్టి గోక్కుంటే ఎంతకీ తగ్గలేదు. చూద్దును కదా, ఆ ముక్కు నాది కాదు. ఇలాంటివి చెబుతానని కాలేజీలో నాకో పేరుంది. నేను వాన వస్తోందంటే అటెండర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటాడు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది జరిగినట్టే.

కాలేజీ సబ్జెక్టులన్నిటికీ ఆన్‌లైన్ పాఠాలు తయారు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జిల్లాకంతటికీ కోఆర్డినేటర్‌గా కామారెడ్డిలో జువాలజీ చెప్పే మేడంను వేశారు. ఆమె అందరికీ ఒక నమూనా పంపింది. మొదటి రెండు స్లైడ్లు లక్ష్యాలు, చివరి రెండు ఫలితాలు, మధ్యలో చోటు మిగిలితే పాఠం. కథలు, ముచ్చట్లు, స్థానిక మాటలు వద్దని అడుగున ఒక గమనిక. అది నా ఒక్కడి కోసమే రాసిందని నాకు గట్టి అనుమానం.

స్టూడియో అంటే మా బాటనీ స్టోర్ రూం. గొంతు మారుమోగకుండా గోడలకు బొంతలు కట్టాం. వెంటిలేటర్‌లో కాపురమున్న పావురాల జంట నేను చెప్పిన ప్రతి వాక్యానికీ ఊ కొట్టేది. పావురాలను కత్తిరిస్తే పాఠం పదకొండు నిమిషాలు, ఉంచితే పద్దెనిమిది. అలా బొంతల మధ్య చెమటలు కక్కుతూ డిమాండ్ సూత్రం చెప్పాను. 'ఇతర పరిస్థితులు మారనప్పుడు' అంటూ మొదలుపెట్టి, తెర మీద గీత గీసి, 'ఈ రేఖను గమనించండి' అని పద్నాలుగుసార్లు అన్నాను. నమూనాకు వెంట్రుకంత తేడా రానివ్వలేదు.

వారం తర్వాత చూస్తే ఆ పాఠం చూసినవాళ్లు తొమ్మిది మంది. అందులో ఏడు నేనే. ఒకటి మేడం. మిగిలిన ఆ ఒక్కరూ ఫోన్ చేశారు.

"సార్, డిమాండ్ పాఠం చెప్పింది మీరేనా?" ఆడగొంతు.

"నేనేనమ్మా. ఎట్లుంది?"

"ఈ రేఖ, ఈ రేఖ అంటరు. ఏ రేఖ సార్?"

"తెర మీద ఎర్రగా కనబడ్తలేదా?"

"మేం చూడం సార్, ఇంటం."

నా సర్వీసులో విన్నవాళ్లే తక్కువ. చూడకుండా వినేవాళ్లున్నారంటే ఆ వింతేదో చూసి రావాలనిపించింది. ఆమె ఇల్లు ఎల్లారెడ్డిలోనే, కాలేజీకి నడిచిపోయేంత దూరంలో ఉంది. మరునాడు మధ్యాహ్నం క్లాసు కాగానే వెళ్లాను.

వసారాలో నలుగురు ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తంబాకు లేస్తుందని ఫ్యాన్ వేయలేదు. మధ్యలో ఫోన్, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బోర్లా పడుకోబెట్టి ఉంది. తెరకు తంబాకు దుమ్ము అంటకుండా ఆ ఏర్పాటు. వేళ్లు ఆకు మీద, కళ్లు వేళ్ల మీద, చెవులు ఫోన్ మీద. నేను నెల రోజులు రంగులు మార్చి మార్చి చేసిన స్లైడ్లన్నీ నేలను చూస్తున్నాయి.

ఫోన్ చేసిన ఆమెకు ముప్పై దాటాయి. పెళ్లయి ఆగిపోయిన డిగ్రీలో ఈ ఒక్క పేపరే మిగిలింది. రెండుసార్లు రాసి తప్పింది. ఇప్పుడు పాతవాళ్లకు వన్ టైం ఛాన్స్ అని ఆఖరిసారి పరీక్ష పెడుతున్నారు, ఇరవై రోజుల్లో.

"పట్టా చేతికొస్తే బీఈడీకి పోత సార్. రాకుంటే ఇగ ఈ చాటనే," అంది చేతిలో పని ఆపకుండా.

పక్కనున్న ముసలామె ఆమె అత్త. నన్ను ఎగాదిగా చూసింది. "రేడియోల సావు వార్త చెప్పినట్టు చెప్తున్నవ్ గదా సారూ, ఎవరు పోయిండ్రని అడుగుదామనుకున్న."

"అవ్వా, పైనుంచి గట్లనే చెప్పుమన్నరు."

"పైన గూడ ఎవలో పోయినట్టున్నరు."

నేను వాళ్లెదురుగా నిలబడి, గాలిలో వేలితో పైనుంచి కిందికి గీత గీశాను. "ధర పైనుంటే కొనేటోళ్లు తక్కువ. ధర దిగినా కొద్దీ కొనేటోళ్లు ఎక్కువ. ఎడమ దిక్కు పైన మొదలువెట్టి, కుడి దిక్కు కిందికి దించాలె. ఇగ మీరు గీయుండ్రి."

కోడలు చాటలోని తంబాకు దుమ్ములో వేలితో గీసింది. సరిగ్గా తలకిందులు.

"తప్పమ్మా."

"మీరు గీసిందే గీసిన సార్. రెండుసార్లు గూడ గిదే గీసిన."

అప్పుడు తట్టింది. ఎదురుగా నిలబడి నేను గీసిన ఎడమ వాళ్లకు కుడి. పదిహేనేళ్లుగా ఎంతమందికి గాలిలో గీసి చూపించి ఉంటానో, వాళ్లంతా నా చలవతో ఏ పరీక్షలు తప్పారో తలుచుకుంటే చెమట పట్టింది. వీపు తిప్పి గీశాను. నా వీపు అడ్డమొచ్చి ఏమీ కనిపించలేదన్నారు.

అప్పుడు అత్త చాట పక్కన పెట్టింది. ఎడమ భుజం మీద వేలు పెట్టి, కొంగు అంచు వెంట రొమ్ముకు అడ్డంగా కుడి నడుము దాకా లాగింది. "గిట్లనా సారూ?"

నలుగురూ తమ తమ కొంగులు చూసుకున్నారు. ఎవరి కొంగు వాళ్లది కాబట్టి ఎవరికీ తిరగబడలేదు. ఎడమ భుజం మీద ధర, దిగుతూ దిగుతూ కుడి నడుము. పుస్తకాల్లో అంత పొందికైన డిమాండ్ రేఖను నేను చూడలేదు.

"మరి సప్లై దీనికి ఉల్టా గదా సార్? అదెట్ల?" అంది కోడలు.

"బస్సుల కండక్టరమ్మను చూసినవా? బ్యాగు పట్టీ కుడి భుజం మీదికెళ్లి ఎడమ నడుముకొస్తది. అదే సప్లై. కొంగు, పట్టీ రెండూ కలిసిన కాడ సమతౌల్య ధర."

"అంటే గుండెకాయ కాడ," అంది అత్త. ఆ సాయంత్రమే స్టోర్ రూంలో పావురాలను వెళ్లగొట్టి, ఒక్క స్లైడ్ కూడా లేకుండా కొత్త పాఠం చెప్పి పంపాను.

మేడం మరునాడే కామారెడ్డిలో తన కాలేజీకి పిలిపించింది. బల్ల మీద హెడ్‌ఫోన్స్ తేలును పెట్టినట్టు దూరంగా పెట్టి ఉన్నాయి.

"ఏందండీ ఇది? కాలేజీ పాఠంల కొంగులు, నడుములు, గుండెకాయలు! మీ క్లాసుల మీరేం చెప్పుకుంటరో నాకెందుకు. ఇది రాష్ట్రమంత చూస్తది."

"చూడరు మేడం, ఇంటరు." బీడీల సంగతంతా చెప్పాను.

"ఇది మీ బస్సు కథ అసొంటిదేనా?"

"ఒట్టు మేడం."

"మీ ఒట్టు సంగతి అందరికెరుకే." అంటూనే ఆమె తెలియకుండా తన కొంగు అంచు వెంట వేలు దించింది. ఆగింది. మళ్లీ పైకి పోయి మళ్లీ దించింది. జువాలజీ మనిషి కాబట్టి వెంటనే ఒక మినహాయింపు దొరికింది. "మద్నూర్ దిక్కు కుడి భుజం మీద కొంగేసుకునేటోళ్లున్నరు. వాళ్ల సంగతేంది?"

"వాళ్లకు సప్లై ముందు చెప్తం మేడం."

నవ్వు ఆపుకోవడానికి ఆమె కాగితాలు సర్దింది. "మగగొంతుల కొంగు మాట రావద్దు. బాగుండది," అంది. "నేను చదువుత. మొహం చూపియ్య, పేరు పెట్టద్దు. నేను చదివిన అని మీరు ఎవ్వరితోని అనొద్దు. మీరన్నా ఎవ్వరు నమ్మరనుకోండి."

అలా పాఠం మేడం గొంతుతో వెళ్లింది. గుండెకాయ తీసేసి 'మధ్యభాగం' అని పెట్టింది. మిగతాదంతా ఉంచింది. మా స్టోర్ రూంకొచ్చి ఆమె చదివేటప్పుడు, మళ్లీ వచ్చి చేరిన పావురాలు కూడా నోరెత్తలేదు.

పరీక్ష కామారెడ్డిలో. ఆ రోజు పొద్దున్నే ఎల్లారెడ్డి కాలేజీలో సంతకం పెట్టి, పరీక్ష డ్యూటీకి తిరిగొస్తుంటే కోడలూ నేనూ ఒకే బస్సెక్కాం. ఆమె పుస్తకం తీయలేదు. దారి పొడుగునా కండక్టరమ్మ బ్యాగు పట్టీనే చూస్తూ కూర్చుంది. కండక్టరమ్మకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా గట్ల చూస్తున్నవ్? టికెట్ తీసుకోలేదా ఏంది?"

"తీసుకున్న అక్కా. జర అటు తిరుగవా, ఒక్కసారి."

"ఏమన్న ఖరాబైందా నీకు?" అని తిట్టుకుంటూనే తిరిగింది పాపం.

అర్థశాస్త్రం పరీక్ష రోజున ఆ సబ్జెక్టు వాళ్లకు గదిలో డ్యూటీ వేయరు. నన్ను వరండాలో హాల్ టికెట్లు చూడమన్నారు. ఆ సెంటరుకు పెద్ద మా జువాలజీ మేడమే. గంట గడిచాక కిటికీలోంచి చూస్తే, కోడలు కలం పక్కన పెట్టి, ఎడమ భుజం మీద చెయ్యి వేసి నడుము దాకా దించింది. కాసేపు కళ్లు మూసుకుంది. మళ్లీ కుడి భుజం, ఎడమ నడుము. తల ఊపి, మళ్లీ మొదలు. నాకు ముచ్చటేసింది. అదే వేళకు తలుపు దగ్గరికొచ్చిన స్క్వాడ్ అధికారిణికి వేరేగా తోచింది.

"లేవమ్మా. నడుముల ఏం పెట్టినవ్?"

"ఏం లేదు మేడం."

"మరి గన్నిసార్లు ఎందుకు తడుముకుంటున్నవ్?" పేపరు లాక్కుంది.

పక్క గదిలోకి తీసుకుపోయి ఆడ అటెండరుతో వెతికించారు. దొరికినవి ఒక బస్సు టికెట్, ఒక బీడీల దారపు ఉండ. చిట్టీ అయితే ఏ సబ్జెక్టుదో తెలిసేది. దారపు ఉండ స్క్వాడ్‌కు మరీ అనుమానంగా కనిపించింది. "ఇదెందుకు?" అంది. "బీడీల దారం మేడం, నడుముల చెక్కుకుని మరిచిపోయిన," అని కోడలు ఏడుపు గొంతుతో అంది. ఆమెను మళ్లీ పరీక్ష గదిలోకి తెచ్చి స్క్వాడ్ కేసు ఫారం తీసింది. అది రాస్తే ఆమెకు ఆఖరి ఛాన్స్ కూడా అక్కడితో అయిపోయినట్టే.

నేను లోపలికి దూరాను. "మేడం, అది చిట్టీ కాదు. డిమాండ్ రేఖ."

గదిలో ఉన్నవాళ్లంతా పక్కున నవ్వారు. ఇన్విజిలేటర్ నా పాత దోస్తు. "ఏందన్నా, ఈడ గూడనా?" అని నా చెయ్యి పట్టి బయటికి లాగాడు.

"ఎవరీయన?" అంది స్క్వాడ్.

"ఎల్లారెడ్డి సారు మేడం. మంచోడే, కానీ కథలు చెప్తడు."

జీవితంలో ఒక్కసారి గట్టిగా నిజం చెబితే ఎట్లుంటుందో తెలిసింది. ఎవరికీ పట్టదు. తలుపు దగ్గర నిల్చున్న మా మేడం వైపు చూశాను. ఆమె నేలను చూస్తోంది. తన గొంతని ఎవరికీ చెప్పనని నేను మాటిచ్చాను. నేను చెప్పినా దాన్ని ఏ పద్దులో వేస్తారో ఇప్పుడే చూశాను. నోరు మూసుకున్నాను.

స్క్వాడ్ ఫారం మీద హాల్ టికెట్ నంబరు రాయడం మొదలుపెట్టింది. అప్పుడు మా మేడం ఉండబట్టలేక, మెల్లిగా, "టైం పోతున్నది మేడం, ముందుగాల పేపరైతే ఇద్దాం..." అంది.

కోడలు గిరుక్కున తిరిగింది. "గీ గొంతే! మేడం, పాఠం చెప్పింది ఈమెనే. దినాం ఇంటం. మా అత్తమ్మకు గూడ ఎరుకే ఈ గొంతు."

మా మేడం చెవులు ఎర్రబడ్డాయి.

"మీరా?" అంది స్క్వాడ్.

"నేనే," అంది మేడం. ఇంక దాచడానికేమీ మిగలనట్టు, వచ్చి స్క్వాడ్ పక్కనే, అదే దిక్కుకు తిరిగి నిలబడింది. తన ఎడమ భుజం మీద వేలు పెట్టింది. "ధర ఇక్కడ ఎక్కువ. కొనేటోళ్లు తక్కువ. ధర తగ్గుతున్నా కొద్దీ ఇట్ల... నడుము దాకా. అదే డిమాండ్." తర్వాత కుడి భుజం నుంచి ఎడమ నడుముకు. "ఇది సప్లై. రెండూ కలిసేది..." అని ఒక్క క్షణం ఆగి, "గుండెకాయ కాడ," అంది.

స్క్వాడ్ తల వంచి తన కొంగు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఫారం మడిచి సంచిలో పెట్టి, పేపరు తిరిగి ఇచ్చింది. "పది నిమిషాలు ఎక్కువ ఇయ్యుండ్రి ఈమెకు," అని వెళ్లిపోయింది.

తర్వాత ఆ గదిలో జరిగింది ఏ ఫారంలోనూ రాయలేదు. పాత బాకీలన్నీ తీర్చుకోవడానికి వచ్చిన అరవై మంది, మగవాళ్లూ ఆడవాళ్లూ, తలలు వంచి దడదడా గీతలు గీస్తున్నారు. కొంగు లేని ఒకాయన భుజం మీది తువ్వాలను ఎడమకు మార్చుకున్నాడు. మా మేడం చూడనట్టు వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడింది. "ఇది గూడ మీరు అందరికి చెప్తరు," అంది. "చెప్త మేడం, కానీ నమ్మరు," అన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు స్టోర్ రూంలో ఇంకో పాఠం చెబుతుంటే ఫోన్ మోగింది. వెనక నుంచి చాటలు కదిలే చప్పుడు, అత్త ఎవరినో గదమాయించడం వినిపించాయి.

"పాసైన సార్."

"ఎన్నొచ్చినయమ్మా?"

"సరిపోయినన్ని."