పెరట్లో మందు పంపు

నాచారంలో మా ఇంటి వెనక బట్టలుతికే బండ ఒకటి ఉంది. ఆ రోజు పొద్దున ఊడ్వడానికి పోతే, బండ పక్కన గోడకు ఆనించి మందు కొట్టే పంపు కనబడింది. పత్తి చేలల్లో పురుగుకు కొడతారే, అదే. ప్లాస్టిక్ డబ్బా, భుజానికి తగిలించుకునే పట్టీ, గాలి కొట్టడానికి పైన పిడి, పక్కన గొట్టం, గొట్టం చివర నీళ్ళు చిమ్మే మూతి. డబ్బా అడుగున కొన్ని నీళ్ళు మిగిలి ఉన్నాయి. పాలలా తెల్లగా ఉన్నాయి.

చేతిలో చీపురు జారిపోయింది.

ఆ తెలుపు నేను మరిచిపోయేది కాదు. పురుగుల మందు నీళ్ళలో కలిపితే అలాగే తెల్లబడుతుంది. మేము వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన పత్తి వేసేవాడు. ఒక మధ్యాహ్నం నేను సద్ది పట్టుకుని చేనుకు పోయేసరికి ఆయన అంగీ వీపంతా తడిసి ఉంది. ఏందది అని అడిగితే, “చెమటనే తియ్” అన్నాడు. చెమట కాదు. పంపు మూత దగ్గర కారి మందంతా వీపు మీదికి దిగింది. ఆ ఏడు బావి ఎండిపోయింది, తాగడానికే నీళ్ళు బండి మీద తెచ్చుకునేవాళ్ళం. ఒళ్ళు కడుక్కోవాలన్న మాట ఎవరికి తోస్తుంది? ఆ తడి అంగీతోనే అన్నం తిని నడుం వాల్చాడు. దవాఖానాకు చేరేలోపే అయిపోయింది.

చేను అమ్మి, కొడుకుని వెంటబెట్టుకుని పట్నం వచ్చాను. వాడు ఇక్కడి ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. పెళ్ళయింది, ఒక్కతే ఆడపిల్ల. ఇన్నేళ్ళలో మందు పంపు నా కంట పడలేదు. మా ఊళ్ళోనైనా దాన్ని ఎవరూ ఇంట్లోకి తేరు. బయట గోడకు, పిల్లల చేతికి అందనంత ఎత్తున మేకుకు తగిలిస్తారు. అట్లాంటిది మా పెరట్లోకి ఎట్లా వచ్చింది? మాకు చేను లేదు, చెట్టు లేదు. కుండీలో తులసి తప్ప పచ్చనాకు లేదు.

కోడల్ని కేకేశాను.

“ఇది ఎవలు తెచ్చిన్రే?”

“పిల్లనే తెచ్చినట్టుంది అత్తమ్మా. పొద్దుగాల రైలు దిగి వచ్చింది గదా. సామాను గీడ పడేసి ఆఫీసుకు ఉరికింది.”

ఆ పిల్ల ఉప్పల్‌లో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఊరికి పోయేముందే ఇంట్లో పెద్ద గొడవ. వచ్చిన సంబంధం వద్దంది. నేను ఊరుకోలేదు, గట్టిగానే అన్నాను. అన్నం ముందు నుంచి లేచిపోయింది. మర్నాడు దోస్తులతో విశాఖ పోయి సముద్రం చూసి వస్తానని తల్లికి చెప్పి వెళ్ళింది, నాతో మాట్లాడలేదు. వచ్చేటప్పుడు తెచ్చింది ఇదా?

“ఫోన్ జెయ్యి” అన్నాను. కోడలు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

పంపు మీద ఇనప తొట్టి బోర్లించి, “దాన్ని ముట్టకు” అని చెప్పి, కట్టుబట్టలతోనే రోడ్డెక్కాను. నేను ఆటో ఎక్కే మనిషిని కాను. నాచారం నుంచి ఉప్పల్‌కి బస్సు రాకపోతే నడిచే మనిషిని. ఆ రోజు దొరికిన ఆటోలో కూర్చున్నాను, వాడు ఎంతడిగాడో కూడా చెవికెక్కలేదు. అప్పటికింకా ప్రత్యేక రాష్ట్రం రాలేదు. ఏ రోజు ఏ బంద్‌తో రోడ్డు ఆగిపోతుందో తెలియని కాలం. ఆ ఒక్క రోజు ఆగకుండా చూడమని దారంతా కీసర రామలింగేశ్వరుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

“యాడికి పెద్దమ్మా?”

“నా మనుమరాలు ఉన్నది లోపల. లోపల ఎవలకన్న పాణం బాగలేదా? వాంతులు గిట్ల అయినయా?”

“వాంతులేంది పెద్దమ్మా! అందరు మంచిగ చాయ్ తాగుతున్రు.”

పేరు చెబితే లోపలికి కబురు పెట్టాడు. పిల్ల మెడలో కార్డు ఊపుకుంటూ వచ్చింది. ముఖం చూసి నాకు మతి పోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి. నుదుటి మీద నుంచి చెంపల మీదుగా, ముక్కు కింది దాకా, గిన్నె అదిమి తీసినట్టు ఎర్రటి గీత.

“నోరు తెరువు” అన్నాను.

“నానమ్మా! నువ్వేంది గీడ? అందరు సూస్తున్రు.”

“సూడనియ్యి. తెరువ్ అంటున్న గదా!”

తెరిచింది. వాసన చూశాను. చాయ్ వాసన, బిస్కట్ వాసన. ఇంకేం లేదు.

“పెరట్ల మందు పంపు ఎందుకు తెచ్చినవే? దాంట్ల మందు ఎవలకు?”

ఒక్క క్షణం నా వైపు చూసి, పడీ పడీ నవ్వింది. “అయ్యో, అది నా షవర్ నానమ్మా! స్నానం జేసే పంపు.”

“మందు పంపుతోని ఒంటి మీద పోసుకున్నవా?”

“కొత్తది నానమ్మా. మందు సుక్క పడలే దాంట్ల. గీ ఉప్పల్‌లనే నర్సరీ దుకాణంల కొన్న. సముద్రంల నుంచి బయటికొస్తే ఒళ్ళంత ఉప్పు. ఒడ్డు మీద మంచినీళ్ళు ఉండయ్. అందుకని అందరు వెంట ఒక షవర్ ఉంచుకుంటరు. దుకాణంల అవి మస్తు పిరం. గిది అగ్గువ. పనిజేసుడు ఒక్కటే.”

“తెల్లగ ఉన్నయి నీళ్ళు?”

“షాంపూ గలిపిన.”

నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు నా ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. తాత ఎలా పోయాడో మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేశాడు.

కూర్చున్నాక ఆలోచన వచ్చింది. “ఒడ్డు మీద నిలబడితే కాళ్ళకంటాలె ఉప్పు. ఒళ్ళంత ఎట్లయితదే?”

పిల్ల తల వంచుకుంది. “లోపలికి పోయిన నానమ్మా. అడుగుదాంక. వీపుకు గాలి డబ్బా కట్టుకొని, మొఖానికి అద్దం పెట్టుకొని. గీ గీత ఆ అద్దం ఒత్తిందే, ఇంకా పోలే. చెప్తే పోనియ్యవని చెప్పలే.”

సముద్రం అడుగుకు. వీపు మీద డబ్బాతో. మా ఇంటి ఆడపిల్ల.

“పక్కన ఎవలున్నరు?”

“నేర్పేటాయన పక్కకే ఉంటడు, ఇడిసిపెట్టడు. మల్ల పోత నానమ్మా. గది మాత్రం వద్దనకు.”

సాయంత్రం ఇంటికి వచ్చాక తొట్టి తీశాను. ఆ తెల్లనీళ్ళు పారబోసి, డబ్బా లోపలా బయటా సబ్బుతో, చింతపండుతో తోమాను. కొత్తదే, నిజమే. అయినా తోమాను. మాకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, చెంబు నీళ్ళు ఎక్కువ పోస్తే ఊరుకునేదాన్ని కాదు. పిల్ల ఆ పంపెడు నీళ్ళతోనే తలా ఒళ్ళూ కడుక్కుని చూపించింది.

“ముమ్మాటికి నీ పోలికే అత్తమ్మా” అంది కోడలు. “సముద్రంల మునిగేదానికి గూడ అగ్గువ సరుకే దేవులాడింది.”

నాకు నవ్వు రాలేదు. పిల్లతో చెప్పాను: “పోతే పో. పోయొచ్చినంక గడప దాటొద్దు. మొదలు గా బండ మీద కూసోవాలె. నేనే కడుగుత.”

“ఆడనే కడుక్కొని వస్త గదా నానమ్మా.”

“నువ్వు కడుక్కున్నది నేను సూడలే.”

తర్వాత మళ్ళీ పోయింది. తిరిగొచ్చిన పొద్దున, నిద్ర కళ్ళతోనే వచ్చి బండ మీద కూర్చుంది. పంపు నిండా నీళ్ళు నింపుకుని నిలబడ్డాను. మొదట పిడి మీద చెయ్యి పడలేదు. పడ్డాక ఆగలేదు. చెవుల వెనక, మెడ మీద, అంగీ వెనక వీపు మీద చిమ్మాను.

“అయిపోయింది నానమ్మా. సలి పెడుతుంది.”

జుట్టు పైకెత్తి, మెడ వెనక వేలితో తుడిచి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

“ఇంకా ఉన్నదే.”

“సముద్రం ఉప్పు గాదు నానమ్మా. రైల్ల ఉక్కపోసింది. చెమటనే అది.”

“చెమటనే అంటవా? వంగు” అని మళ్ళీ పిడి కొట్టాను.