జిగురు నాది, సోడా ఆయనది

పోయిన మంగళవారం పొద్దున ఏన్కూరు హాస్టల్లో పిల్లలకు ఉప్మా వడ్డిస్తుంటే ఫోన్ మోగింది. అవతల టేకులపల్లి వంట ఆయమ్మ. ఇక్కడికి రాకముందు నేను అక్కడ వార్డెన్‌గా ఉన్నన్నాళ్ళూ ఆమె చేతి వంటే తిన్నాను. పలకరింపు కూడా లేకుండా, "మేడమ్, మిషన్ తాత పోయిండు. నిన్న దుకాణంల కూసున్నకాడ్నే పక్కకు ఒరిగిండంట. దవాఖానాకు తీస్కపోయే టైం గూడ ఇయ్యలే" అంది. గరిటె పక్కనున్న పిల్ల చేతికిచ్చి బయటికి వచ్చాను.

మిషన్ తాత అన్నది మా ఆడపిల్లలు పెట్టిన పేరు. నాకు ఆయన చాచా. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో మోపెడ్లు, మందు కొట్టే పంపులు, నీళ్ళ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆయన మంచివాడని చెప్పడానికి నేను అక్కర్లేదు, ఆ రోడ్డున ఎవరినడిగినా చెబుతారు. నేను రాయాల్సింది వేరే ఉంది. ఒకసారి ఆయన్ని నలుగురి ముందు నానా మాటలన్నాను. అందులో నా తప్పెంతో నలుగురి ముందు ఎప్పుడూ చెప్పలేదు. ఆ పని ఇప్పుడు చేస్తున్నాను, ఆయన వినడానికి లేనప్పుడు.

టేకులపల్లిలో మా హాస్టలు అడవి అంచునే. పిల్లలు పడుకునే గదులకూ బాత్రూములకూ మధ్య యాభై అడుగుల ఖాళీ జాగా. వానలు పడ్డాయంటే వారంలో అక్కడ గడ్డి మోకాళ్ళ దాకా లేచేది. నేను చేరిన ఏడాదే ఆ గడ్డిలో ఒక ఆరో తరగతి పిల్లను కట్లపాము కరిచింది. కొత్తగూడెం దవాఖానాలో బతికి బయటపడింది గానీ, ఆ తర్వాత పిల్లలు బాత్రూముకు పోవడమే మానుకున్నారు. కడుపునొప్పి అని ఏడుస్తారే తప్ప ఆ గడ్డి దాటరు. కూలికి మనుషుల్ని పిలుద్దామంటే అవి నాట్ల రోజులు, ఒక్కరూ దొరకరు. అలాంటప్పుడు ఎక్కడో ఒక గెస్ట్‌హౌస్ వాళ్ళు పాతదైపోయిందని వదిలించుకున్న గడ్డి కోసే మిషన్ మా హాస్టలుకు చేరింది. చక్రాల మీద తోసుకుంటూ పోయేది, పెట్రోలుతో నడిచేది. దాన్ని లేపి నిలబెట్టినవాడు చాచా.

మొదటి రోజు ఆయన్ని చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే రాగి తీగతో కట్టుకున్నాడు. చేతులకున్న నూనె మరకలు ఏ సబ్బుకూ పోయేవి కావు. "అవుతుందా చాచా?" అంటే అవుతుందనీ అనడు, కాదనీ అనడు. "అదే చెప్తది, ఆగు బిడ్డా" అనేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. పని అయ్యాక పాత సామాను కాయితంలో చుట్టి మన చేతిలో పెట్టేవాడు. "పాతది నీది. నేను మంచిగ జేసిన్నో లేదో ఎవలకన్న సూపెట్టుకో" అనేవాడు. పోతూ పోతూ మా వంటింటి తలుపు కిర్రుమంటే జేబులోంచి చిన్న నూనె డబ్బా తీసి బందులకు రెండు చుక్కలు వేసేవాడు. ఎవరూ అడగక్కర్లేదు. కిర్రుమనే తలుపును దాటిపోవడం ఆయన వల్ల అయ్యేది కాదు.

ఆ ఏడాది ఆఖర్న ఆయన నాకు ఒకే ఒక్క మాట చెప్పాడు. "సెలవులకు ముందుగాల ట్యాంకుల పెట్రోలు తీయించు బిడ్డా. రెండు నెలలు గట్లనే ఉంటె జిగురైతది." సరే సరే అన్నాను. పిల్లల్ని ఊళ్ళకు పంపే హడావుడిలో ఆ ముక్క గాలికి పోయింది.

జూన్‌లో బడి తెరిచాక మిషన్ తాడు ఎంత లాగినా ఉలకలేదు. చాచా వచ్చి కార్బొరేటర్ విప్పాడు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే పిడికిలంత అల్యూమినియం డబ్బా అది. "ఎన్నడు నడిచింది బిడ్డా?" అని అడిగాడు. "మొన్న శనివారం కూడా బాగానే నడిచింది" అన్నాను. అబద్ధం. ఆయన డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నా వైపు చూడలేదు. "రేపు సాఫ్ చేసుకొస్త" అని కాయితంలో చుట్టుకుని పోయాడు.

రేపన్నవాడు మూడో రోజుకు వచ్చాడు. ఆలోగా రెండు వానలు పడ్డాయి. ఒక పిల్లకు జ్వరం వచ్చింది, బాత్రూముకు పోకుండా ఆపుకోవడం వల్లేనని నర్సమ్మ నా మీద ఎగిరింది. నేను ఆ మంట మీదే ఉన్నాను. ఆయన వరండాలో నిలబడి సంచిలోంచి రెండు కార్బొరేటర్లు తీశాడు. ఒకటి మా పాతది, నల్లగా మాడి, పురుగు తిన్న వంకాయలా గుంటలు పడి ఉంది. ఇంకొకటి తళతళ మెరిసే కొత్తది.

"పాతది నా చేతుల ఖరాబైంది మేడమ్. జిడ్డు పోతదని కాస్టిక్ సోడా నీళ్ళల్ల ఏసిన, తీసుడు మర్సిన, అల్యూమినియాన్నే తినేసింది. అసలుది తెప్పించాల్నంటె రెండు నెలలైతదంట. గప్పటిదాంక గడ్డి ఆగదు గద. గిది డూప్లికేట్. చవకది. నాకు గిట్లాంటిది పెట్టుడు ఇష్టం లేదు, కని పెడ్త" అన్నాడు.

నన్ను ఆయన మేడమ్ అనడం అదే మొదలు. నేనది గమనించే స్థితిలో లేను. నా నోరు మంచిది కాదని ఇంట్లోవాళ్ళు ఊరికే అనరు. "చాతకాకపోతే చాతకాదని చెప్పాలి గానీ, మంచి సామాను పాడుచేసి ఈ బొమ్మల దుకాణం సరుకు మాకు అంటగడతారా? ఇన్నేళ్ళ నుంచి ఇదేనా మీరు చేసే పని?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. హెడ్మాస్టర్ గారు గదిలోంచి బయటికి వచ్చి, "ఏందయ్యా, ఇచ్చినోళ్ళు అడిగితె నేనేం జెప్పాలె?" అన్నారు. చాచా ఆయనకూ అదే మాట చెప్పాడు. "తప్పు నాదే సార్."

ఒక్క మాట, జిగురు పట్టి ఉండబట్టే సోడాలో వెయ్యాల్సి వచ్చిందని ఒక్క మాట అంటే చాలు, నా నోరు మూతపడేది. ఆయన అనలేదు. నేనూ చెప్పలేదు.

తర్వాత గోనెసంచి పరుచుకుని నేల మీద కూర్చున్నాడు. కొత్త కార్బొరేటర్ పట్టుకుంటే బెండులా తేలిగ్గా ఉంది. దానికీ ఇంజన్‌కూ మధ్య పెట్టడానికి వచ్చిన అట్ట ముక్కకు రంధ్రాలు ఒకచోట, ఇంజన్‌కు ఇంకోచోట. ఆయన మందపాటి కాయితం ఇంజన్ మీద పెట్టి, చిన్న సుత్తి గుండు వైపుతో అంచుల వెంట టకటక కొడుతూ పోయాడు. అంచు దగ్గర కాయితం దానంతటదే తెగి సరైన ఆకారం వచ్చింది. బిగించి తాడు లాగితే మిషన్ లేచింది. కానీ ఒకసారి అరుస్తుంది, ఒకసారి ఆగిపోబోతుంది, మళ్ళీ అరుస్తుంది. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. "దీని బొక్క సన్నగున్నది. పెట్రోలు సాలతలేదు" అని తనకు తానే చెప్పుకున్నాడు.

పెట్రోలు ఎంత వెళ్ళాలో కొలిచే ఇత్తడి ముక్క ఒకటుంటుంది, జెట్టు అంటారు. గింజంత ఉంటుంది. పాత కార్బొరేటర్‌ది సోడాలో వెయ్యకముందే విప్పి జేబులో దాచాడట. దాన్ని తీసి కొత్తదాంట్లో పెట్టి చూశాడు. మర కుదిరింది. ఈసారి లాగితే మిషన్ ఒకే సద్దుతో, తొణక్కుండా తిరిగింది. ఎండ దిగేలోపు బాత్రూముల దాకా దారంతా ఆయనే తోసుకుంటూ కోశాడు. మెట్ల మీద నిలబడ్డ పిల్లలు గడ్డి తగ్గేకొద్దీ ఒక్కొక్కరే దిగి వెనకాలే నడిచారు. పని ముగిశాక ఆ మాడిపోయిన కార్బొరేటర్ కాయితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "పాతది మీది మేడమ్." దాన్ని బల్ల సొరుగులో పడేశాను.

సోడాలో వేసిన రోజు పాల్వంచలో వాళ్ళ అక్కకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చి, పది నిమిషాల్లో తియ్యాల్సినదాన్ని వదిలేసి బస్సెక్కాడని తర్వాత వంట ఆయమ్మ చెబితే తెలిసింది. ఆ సాకు కూడా ఆయన నాకు చెప్పలేదు. హెడ్మాస్టర్ గారు మాత్రం ఆ ఏడు బోరు మోటారు పని కొత్తగూడెం మెకానిక్‌కు ఇచ్చారు. తర్వాత జనరేటర్ పని కూడా. చాచా చేతిలో సామాను పాడవుతుందన్న మాట మా వరండా నుంచే బయలుదేరిందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆయన మాత్రం మా గడప తొక్కడం మానలేదు. డూప్లికేట్‌ను నమ్మకూడదని ప్రతి వానాకాలం వచ్చి చూసేవాడు. ఏప్రిల్‌లో, సెలవులకు ఒక రోజు ముందు, పిలవకపోయినా మోపెడ్ మీద దిగేవాడు. ట్యాంకులో పెట్రోలు సీసాలోకి వంపి, అడుగున మిగిలినదాంతో మిషన్ నడిపి, అది దానంతటదే ఆగేదాకా పక్కనే నిలబడేవాడు. ఆగాక ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టి, అది చల్లబడేదాకా తియ్యకుండా, "ఇగ సెలవులు" అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

రెండేళ్ళ కింద నాకు ఏన్కూరు బదిలీ అయినప్పుడు షెడ్డుకు వెళ్ళాను. చాయ్ తెప్పించి సాసర్‌లో పోసి నాకిచ్చి, తను గ్లాసుతో తాగుతున్నాడు. "చాచా, ఆ ఏడు పెట్రోలు నేనే వదిలేశాను. శనివారం నడిచిందని అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఎరుకే బిడ్డా. రెండు నెలల పెట్రోలు వాసన నాకు తెల్వదా?" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు? అన్ని మాటలు పడ్డారు."

ఆయన కళ్ళజోడు తీసి అంగీ అంచుకు తుడుచుకున్నాడు. "జిగురు నీది, సోడా నాది. జిగురు కడిగితె పోతది. సోడాల కరిగింది మల్ల రాదు. గందుకే తప్పు నాదన్న. ఉన్నది చెప్పిన, అంతే."

"హెడ్మాస్టర్ గారికి చెబుతాను చాచా."

"ఆయన బదిలైపోయి ఏడాదాయె. ఎవలకు చెప్తవ్? చాయ్ తాగు, సల్లారుతది."

చాయ్ తాగాను. ఆయన మళ్ళీ బిడ్డా అన్నాడని బస్సెక్కాక గుర్తొచ్చింది. ఏడ్చాను.

మంగళవారం నేను చేరేసరికి ఖననానికి తీసుకుపోయారు. ఆయన భార్య, చాచీ పక్కన కూర్చున్నాను. చేతులు పట్టుకుంటే ఆమే నన్ను ఓదార్చింది. "శుక్రారం నుంచి ఒకటే మాట, స్కూలుకు పోవాలె, సెలవులొస్తున్నయ్, పోవాలె అన్నడు" అంది. అప్పుడు గుర్తొచ్చింది, మర్నాడే ఆఖరి పనిదినం.

అక్కడి నుంచి హాస్టలుకు పోయాను. కొత్త వార్డెనమ్మ తాళం తీసింది. మిషన్‌ను ఆ జాగాలోకి తోసుకొచ్చి ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు సగానికి ఉంది. సీసాలోకి వంపాను, కొంత చీర మీద పోసుకున్నాను. నాలుగోసారి తాడు లాగితే లేచింది. బాత్రూముల మెట్ల మీద పిల్లలు చేరారు, వాళ్ళలో చప్పట్లు కొట్టడం తెలిసినవాళ్ళూ ఉన్నారు. ఇవాళ కొట్టొచ్చో లేదో తెలియక నా మొహం వైపు చూస్తున్నారు. ఆ చవక డబ్బాలో ఆయన బిగించిన ఇత్తడి ముక్క మీదుగా మిగిలిన పెట్రోలు పోతూ ఉంది. సద్దు చాలాసేపు తొణకలేదు. ఆగబోయే ముందు ఒక్కసారి జోరు పెరిగింది, తర్వాత ఆగిపోయింది. ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. అది చల్లబడేదాకా తియ్యలేదు.