రెండు వంతెనల అవతల

బస్సు వంతెన మధ్యలో ఆగిపోయి చాలాసేపయింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కండక్టరమ్మ విసుగొచ్చి కిటికీలోంచి తల బయటపెట్టింది. పక్కనే చెమటలు కక్కుతూ నడుస్తున్న మనిషిని చూసి గబగబా దిగింది. తను "రైట్" అంటే కదిలి, "హోల్డాన్" అంటే ఆగిన డ్రైవరాయన. రిటైరయ్యాక కనబడడం ఇదే మొదలు.

"ఏం అన్నయ్యా, బండెక్కడ పారేసుకున్నావ్?"

"బండే నన్ను పారేసింది చెల్లాయ్," అన్నాడు ఆగకుండానే. "మీ వదిన ఆస్పత్రిలో ఉంది. అమ్మాయి ఫోన్ చేసింది, వెంటనే రమ్మని. దాని గొంతు బాగాలేదు. బస్సులు చూస్తే ఇట్లా."

"ఏ ఆస్పత్రి?"

"పెద్దాస్పత్రే. మన ఆఖరి స్టాపు."

కండక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "అది మీ ఇంటి వెనకాలే కదన్నయ్యా. ఇటెక్కడికి పోతున్నావ్?"

ఊరిని మనసులో దాచుకోవడంలో మనుషులు రెండు రకాలు. కొందరు గద్దలాగా పైనుంచి చూస్తారు; ఏ వీధి వీపుకు ఏ వీధి ఆనుకుందో వాళ్ళకు తెలుసు. కొందరిది పూసల దండ. ఒక పూస తరవాతే ఇంకో పూస, మొదటిది పట్టుకుంటేగాని చివరిది చేతికి రాదు. వీళ్ళకు దారి తెలుసు, చోటు తెలియదు. ఎడారిలో చీమలు కూడా వేసిన అడుగుల లెక్కతోనే పుట్టకు చేరుతాయంటారు. కాళ్ళు కొంచెం పొడుగైతే చాలు, పుట్ట దాటి వెళ్ళిపోతాయట. డ్రైవరు పూసల దండ మనిషి. ఆయన సందు మొదట్లో మొదటి స్టాపు, ఆస్పత్రి గేటు దగ్గర ఆఖరిది. నడుమ ఒక వంతెన దాటి, కాలవగట్టు వెంట పోయి, ఇంకో వంతెన దాటాలి. ఆ గట్టురోడ్డు కొడవలిలా వంగి ఉంటుంది. కానీ ఎంత మెల్లగా వంగుతుందంటే, స్టీరింగు పట్టిన చేతికి కూడా తెలియదు. రెండుసార్లూ దాటేది ఒకే కాలవేనని ఆయనకు ఎన్నడూ తట్టలేదు, రెండనుకున్నాడు. ఎవరు దారడిగినా "తిన్నగా పొండి" అనేవాడు. డిపోలో ఆయన పేరే తిన్నగా అన్నయ్య.

"నీకు మతి పోయింది. మా ఇల్లెక్కడ, ఆస్పత్రెక్కడ. రెండు వంతెనలు దాటాలి."

"ఆ రెండూ దాటేసరికి వెనక్కే వస్తాం. బండిలో నువ్వు ముందుకే చూసేవాడివి. టిక్కెట్లు చింపుకుంటూ నేను నాలుగువైపులా చూసేదాన్ని. నా మాట విను."

ఆయన కదల్లేదు. బారులు తీరిన బళ్ళను, అవతలి గట్టును మార్చి మార్చి చూశాడు. తెలిసిన దారిని వదలడమంటే పడవలోంచి కాలు బయట పెట్టడమే ఆయనకు. కండక్టరమ్మ బతిమాలింది, కసిరింది, చివరికి "వదిన మీద ఒట్టు" అంది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"మీ వదినా ఇదే గోల," అన్నాడు రొప్పుతూ. "ఏమయ్యా, ఇక్కణ్ణించి మన వంటిల్లు కనిపిస్తోంది, పొద్దున్నే లైటెయ్యి, లేచావని నాకు తెలుస్తుంది అంటుంది. జ్వరంలో మాటలు. సరే సరే అన్నా."

"వేశావా మరి?"

"ఎందుకెయ్యాలి? టీ బయటే తాగుతున్నాగా."

కండక్టరమ్మ గోడవైపు ఒకసారి చూసింది. నడక మాత్రం పెంచింది.

తాళం వేసి ఉన్న ఆయన ఇంటి ముందునుంచే వెళ్ళి, పక్క సందులో చెత్తకుప్ప దాటి, పసుపు గోడ దగ్గరికి వచ్చారు. ఆ గోడను ఆయన కాపురం పెట్టిన నాటినుంచీ చూస్తున్నాడు. గోడ అనుకున్నాడు, అంతే. దాని అవతల ఏముందో ఎవరినీ అడగలేదు. దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్ళేవాళ్ళు తిరిగే చిన్న ఇనపగేటు తెరిచే ఉంది. ఆస్పత్రి మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి, నిన్ననే వచ్చిన కూతురు వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రిని చూసి, అడ్డు తప్పుకుంది.

"ఇప్పుడే నాన్నా. నువ్వొచ్చే ముందే."

మంచం మీద ఆమె ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. ఎవరూ సరిచెయ్యలేదు.

"తెల్లారినప్పట్నుంచీ అటే చూసింది," అంది కూతురు. "లైటు వెలగలేదు, ఇంకా లేవలేదేమో, పాపం పడుకోనీ అంది. ఏ లైటో నాకు తెలీలేదు నాన్నా."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద పసుపు గోడ. దాని అవతల, చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గర్లో, నీలం ఊచల కిటికీ. దాని కింద బోర్లించిన ఆకుపచ్చ బకెట్టు, తీగ మీద ఆయన గళ్ళ తువ్వాలు. ఊచల వెనక చీకటి.

చాలాసేపు చూశాడు. ఆ తరవాత జేబు తడుముకుని ఇంటి తాళంచెవి తీశాడు. గుప్పిట బిగించి, కూతురి పక్కనుంచి, కండక్టరమ్మ పక్కనుంచి బయటికి నడిచాడు.

కండక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి ఆయన మెట్ల కింద తేలాడు. ఎడమవైపు చిన్న గేటు. ఇప్పుడే వచ్చిన దారి. దానికేసి, కొత్త ఊళ్ళో దిగిన మనిషిలా చూశాడు. పిలుద్దామని ఆమె ఊచలు పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది.

ఆయన కుడివైపుకు తిరిగాడు. పెద్ద గేటు దాటి, ఆఖరి స్టాపు దాటి, వంతెన వైపు, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, తిన్నగా నడిచి వెళ్ళిపోయాడు.