చిన్నమ్మ కట్టిన పట్టుగూళ్ల హారం

మా చిన్నప్పుడు... ఇంట్లో మనుషులకన్నా పట్టుపురుగులకే చోటెక్కువ. జంగమకోటె పక్కన పల్లె మాది. నడవలో పురుగుల తట్టలు, పంచలో అవి గూళ్లు అల్లుకునే వెదురు చంద్రికలు... ఆ సందుల్లోనే మా పిల్లల పడకలు.

ఆ ఇంటికి మా చిన్నాయన భార్యగా సుగుణ చిన్నమ్మ వచ్చింది. పుట్టిల్లు మిట్టేమరి. అక్కడ వేరుశనగ చేలు తప్ప పట్టుపురుగు మాటే లేదు. వస్తూ ఒక రేకు పెట్టె తెచ్చింది. బరువు చూసి మా అవ్వ నగలనుకుంది. తెరిస్తే పగిలిన చేతిగాజుల ముక్కలు, ఊలు ఉండలు, గుడ్డపీలికలు, రెండు గొడుగు కడ్డీలు...

ఆ కడ్డీలతోనే చిన్నమ్మ ఊలు అల్లేది. గాజుముక్కలను దీపం సెగకు వంచి గొలుసులు చేసేది. పీలికలతో బొంతలు కుట్టేది. మా తాతకు ఊలు టోపీ అల్లింది.

ఆ టోపీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. చెవులు పూర్తిగా మూసుకుపోయేంత కిందికి దిగేది. అవ్వ పిలిస్తే వినపడలేదని చెప్పడానికి తాతకు అంతకన్నా మంచి సాకు దొరకలేదు. నడి ఎండాకాలంలో కూడా తీసేవాడు కాదు. అప్పటినుంచి ఆయన చిన్నమ్మ పక్షం.

అవ్వకు మాత్రం ఆ పెట్టె కంట్లో నలుసు. "ఆకు కోసుకురమ్మంటే గాజుముక్కలు కాలుస్తా కూర్చోనుండాది" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. నిజానికి చిన్నమ్మ పొద్దంతా మల్బరీ ఆకు, పురుగు, పొయ్యి చుట్టూనే తిరిగేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే ఆ కాసేపే ఆమెది. ఆ పెట్టె అప్పుడే తెరుచుకునేది.

ఆ ఏడు మా రత్నక్కకు స్కూల్ డే డాన్సులో రాణి వేషం ఇచ్చారు. నగలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు మేష్ట్రు. బాడుగ నగలకు చింతామణి దాకా పోవాలి. అవ్వ కుదరదంది.

"నేను చేసిస్తా అత్తా" అంది చిన్నమ్మ.

"చెయ్యి. ఊరు చూసి నవ్విందంటే మాత్రం ఆ పెట్టె అటకెక్కల్ల. మళ్లా దింపేది లేదు."

"సరే అత్తా."

అంతకుముందు మేము పారేసిన చిల్లుగూళ్లను చిన్నమ్మ ఏరి, కత్తిరించి పూలు చేసేది. రాణికి చిల్లువి ఎలా వేస్తుంది? మంచి గూళ్లు కావాలి. అవి సంతకు పోయేవి, అవ్వ ముట్టనివ్వదు. ఎక్కడినుంచో ఒక బుట్టెడు సంపాదించింది. అప్పట్లో మా గూళ్లు తెల్లవి కావు, పసుపుపచ్చవి. సూది లోపలికి దిగకుండా పైపొరకే కుట్టి, మధ్యమధ్య ఎర్ర గాజుముక్కలు చేర్చి, హారం, వంకీలు, వడ్డాణం కట్టింది. దూరం నుంచి బంగారమే...

స్కూల్ డే పొద్దున పూట. మైదానంలో ఎండ కాస్తోంది. అక్క వేదికెక్కగానే జనం నోరు తెరిచారు. మా అవ్వ తల కాస్త పైకెత్తి అటూ ఇటూ చూసింది కూడా.

పాట రెండో చరణంలో ఉండగా హారంలో ఒక గూడు కదిలింది. తడిసి, మెత్తబడి, చిల్లుపడి... తెల్లటి రెక్కలపురుగు ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వడ్డాణం మొదలైంది.

చూస్తున్నవాళ్లంతా పట్టు రైతులే. ఒక్కసారిగా నవ్వారు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "ఏమక్కా, మనవరాలికి నగలు పెట్టినావా, నగలకు మనవరాలిని మేత పెట్టినావా?" అంది అవ్వతో.

అక్క ఆగలేదు. గడ్డం మీదికి పాకిన పురుగును వెంట్రుక తోసినట్టు తోసి ఆట ముగించింది. మెట్లు దిగాకే ఏడ్చింది.

ఇంటికి రాగానే చిన్నమ్మ హారంతో సహా అన్నీ పెట్టెలో సర్ది, అటకకు నిచ్చెన వేసింది.

"ఆ గూళ్లు ఎవురిచ్చిరి?" అంది అవ్వ.

తాత టోపీ చెవుల మీదినుంచి పైకి లాగాడు. "నేనే ఇచ్చినా."

"ఎండకు పోసి పురుగును చావనియ్యల్లని చెప్పలేదా?"

"అది చెప్పేదేముంది? అందురికీ తెలిసిందే గదా."

"అందురికీ అంటే ఎవురికప్పా? ఆ పిల్లకు మిట్టేమరిలో ఎవురు చెప్తారు?"

నిచ్చెన సగంలో నిలబడి చిన్నమ్మ మెల్లగా అడిగింది. "అయితే... నేను ఏరుకున్న గూళ్ల చిల్లులు ఎలుకలు కొరికినవి కాదా అత్తా?"

అవ్వ వచ్చి నిచ్చెన పట్టుకుంది. "దిగు" అంది. "ఊరు నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను చూసి. చెప్పల్సింది నేను. పెట్టె నా మంచం కింద పెట్టు."

తర్వాతి పంటలో అవ్వే గూళ్లు ఎండబోసి, చల్లారాక తెచ్చి చిన్నమ్మ ఒళ్లో పోసింది. ఆ పెట్టె అటక ఎక్కనే లేదు. కొన్నాళ్లకు మధ్యాహ్నాలు అవ్వ కూడా కునుకు మానేసి సూదికి దారం ఎక్కించి ఇవ్వడం మొదలుపెట్టింది... పనికిమాలిన పని అని తిడుతూనే.

నేను చదివింది ఏడో తరగతి. మిగతాది బోండాలు కట్టిచ్చిన కాగితాల మీద చదువుకున్నదే. ఇప్పుడు చింతామణిలో మా మనవరాలు ఫోన్ చూసుకుంటూ పట్టుదారం జుంకాలు చేస్తుంది. ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, అన్నీ ఫోనే చెబుతుంది. తప్పు పోయే దారే లేదు. "నేనేమన్నా చెప్పల్లా?" అంటే, "వద్దులే అవ్వా, ఇందులో అంతా ఉండాది" అంటుంది. నిజమే, ఉంది.

మొన్న చిన్నమ్మ హారం తీసి చూపించాను. రంగు వెలిసింది, గాజుముక్కలు కొన్ని రాలిపోయాయి. పిల్ల తిప్పి తిప్పి చూసి, "అవ్వా, ఈ చిల్లులు దేంతో వేసినారు? ఫోన్లో యాడా లేదే" అంది.

ఫోన్ పక్కన పెట్టమని, మొదటినుంచి చెప్పాను...

మీ ఇంట్లో అందరికీ తెలిసి, మీకు మాత్రం ఎవరూ చెప్పని సంగతి ఏదైనా ఉండేదా? కింద రాయండి. ఇప్పుడు అడిగి తెలుసుకుందామంటే మాకు ఆ అవ్వ లేదు, ఆ చిన్నమ్మా లేదు... చిల్లుల హారం ఒకటే ఉంది.