పై సా కొంచెం పైన

బాబాయి ఇంట్లో లేనప్పుడే మా పిన్ని పాడుతుంది. పై సా దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గొంతు గీత దాటి ఇంకా పైకి పోతుంది, మాకందరికీ హఠాత్తుగా బయట పనులు గుర్తొస్తాయి. బాబాయి హార్మోనియాలు చేస్తాడు, ఆయన చెవి మహా చురుకు. పెళ్లయిన కొత్తలో "నువ్వు పాడితే నా చెవులు పాడవుతాయే" అన్నాడట, నవ్వుతూనే. పిన్ని నవ్వలేదు. ఆ తర్వాత ఆయన ముందు నోరెత్తి ఒక్క స్వరం పలికితే ఒట్టు!

పిన్ని హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకరోజు బడి నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, చేతిలో ఒక గ్రాఫు కాగితంతో బాబాయి పనిగదిలోకి దూసుకొచ్చింది.

"ఏమండీ, దొరికింది!"

"ఏం పోయిందని?"

"పోవడమేంటండీ, దొరికిందంటుంటే!"

సంగతేమిటంటే, కింది సా నుంచి పై సా దాకా ఉన్న దూరాన్ని సమానంగా ఎన్ని ముక్కలు చేస్తే గా, పా లాంటి స్వరాలు తమ సొంత చోట్లకు దగ్గరగా పడతాయి? ప్రధాన సంఖ్యల గుట్టు తెలుసుకోవడానికి వాడే జీటా ప్రమేయం ఇక్కడ కూడా జవాబు చెబుతుందట! దాని గీత ఏ అంకె దగ్గర ఎత్తుగా లేస్తే అన్ని ముక్కలు మంచివి. మామూలు హార్మోనియం పెట్టెల్లో ఉండే పన్నెండు దగ్గర ఒక శిఖరం ఉంది. దాన్ని మించిన మొదటి శిఖరం పందొమ్మిది దగ్గరుంది.

"పందొమ్మిది మెట్ల పెట్టె చేసిపెట్టండి, వినాలి," అంది పిన్ని. తర్వాత నా చెవిలో, "ఇది విన్నా తేడా తెలియకపోతే నా చెవులు కమ్మలు పెట్టుకోడానికేనే," అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

బాబాయి సణుగుతూనే చేశాడు. పిన్ని సా, పా కలిపి నొక్కింది. అంతా ఒకటే గరగర. ఆవిడ మొహం వాడిపోయింది.

"నాకేం తెలియట్లేదండీ."

బాబాయి "నే చెప్పలేదూ" అనబోయి, నా చూపు చూసి మానుకున్నాడు. పిన్ని మళ్లీ కాగితం తీసి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూసింది. ఒక్క కేక పెట్టింది! శిఖరం సరిగ్గా పందొమ్మిది మీద లేదు, రవ్వంత ఇవతలుంది. అంటే ఒక్కో ముక్క రవ్వంత పెద్దదవ్వాలి. పై సా కొంచెం పైకి జరగాలి. బాబాయేమో చేతి అలవాటుకొద్దీ ముందుగా రెండు సా లనీ అతికినట్టు కలిపేసి, ఆ మధ్యలో మిగతావి ఇరికించాడు.

"సాకి సా కలవకపోతే దాన్ని హార్మోనియం అంటారా? కిర్రు తలుపంటారు!" బాబాయి అంతెత్తున లేచాడు.

"ఆ ఒక్కటీ వెంట్రుకవాసి సర్దుకుంటే మిగతావన్నీ కాస్త ఊపిరి పీల్చుకుంటాయండీ. ఇంట్లో పెద్దమనిషి సర్దుకున్నట్టు."

పెద్దమనిషికి తగలాల్సిన చోటే తగిలింది. ఆకురాయి అందుకుని ఒక్కో ఇత్తడి రీడు కొసనీ తగినంత అరగదీశాడు.

పిన్ని మళ్లీ సా, పా నొక్కింది. కళ్లు మూసుకుంది.

"నెమ్మదించింది! ఇందాక గబగబా వణికింది, ఇప్పుడు నిదానంగా ఊగుతోంది! అవునా, కాదా?"

బాబాయి తల వంచి విన్నాడు. "అవును," అన్నాడు. "సరిగ్గానే విన్నావు."

ఇక పిన్నిని పట్టేదెవరు? ఆయన ఎదురుగానే సా నుంచి ఎత్తుకుంది. పై సా దగ్గర యథాప్రకారం గీత దాటింది. నేను గుమ్మంవైపు చూశాను. బాబాయి మాత్రం పై సా మెట్టు మీంచి వేలు తీయలేదు.

"పెట్టె నీ అంత పైకి పోలేదే. కానీ పోయే దారి మాత్రం అదే," అన్నాడు.

పిన్ని ఈసారి నవ్వింది. బాబాయి తిత్తి ఊదుతూ, "ఊఁ, మళ్లీ పాడు," అన్నాడు.