మామ గ్రైండర్ ఎంత దూరం నడిచింది?

కోయంబత్తూరులో మా వీధికి మొట్టమొదటి పిండి రుబ్బే గ్రైండర్ మా మేనత్త భర్త సొంత చేతులతో కట్టినదే. మోటారు బిగింపు కుదరక, స్విచ్చి వేయగానే అది ఊగుతూ ముందుకు జరిగేది. ఈ కథ నేను చెప్పని పెళ్ళిపందిరి లేదు. నా కథలో గ్రైండర్ గడప దాటి, బస్టాండుకు పోయి, పళని బస్సెక్కుతుంది. కండక్టరు దానికి అర టికెట్ కొట్టి, లోపలి రాయికి మాత్రం లగేజీ వేస్తాడు.

ఈమధ్య మా కులదేవత గుడి కుంభాభిషేకానికి సంచిక వేస్తూ, పోయిన మామ గురించి రెండు పేజీలు రాయమన్నాడు మా పెదనాన్న కొడుకు.

"రీలు విడవకూడదు తమ్ముడా, జరిగిందే రాయాల. అత్త సరే అంటేనే అచ్చు. లేదంటే ఆ రెండు పేజీలు పాత్రల కొట్టు విళంబరానికి ఇచ్చేస్తా."

స్టీలు గిన్నెల ప్రకటనకు లోకువైపోయానా? జన్మలో ఒక్కసారైనా నా పేరు కింద నిజం అచ్చు కావాలని పంతం పట్టాను. అందుకు పెద్ద త్యాగమే చేశాను. పళని బస్సు తీసేశాను. కండక్టర్ను కొట్టేసేటప్పుడు కళ్ళు చెమర్చాయి. గ్రైండర్ను వీధి మలుపులోనే ఆపి, సత్యమంటే ఇదేననుకున్నాను.

అత్త మాట తెలుగు (నొక్కి చెప్పాలంటే తమిళం 'దా' తగిలిస్తుంది), చదువు తమిళం. కాబట్టి చదివి వినిపించాలి. కాగితం మీద మీసం మెలేసిన వాక్యం, ఆ సంగతి అనుభవించిన మనిషి ఎదుట నీళ్ళు నములుతుంది.

"మలుపుకి యాడ పోయిందిరా? నువ్వు చూస్తివా?"

"సరే అత్తా, వాకిలి దాకా."

"వైరు ఎంత పొడుగుండాది? ప్లగ్గు పీక్కొని పోతుందా?"

"పోనీ, వంటింటి గడప?"

"దానికి ముందేదా నిలిచిపోయె."

కొట్టేస్తూ పోతే రెండు పేజీలు అర పేజీ అయ్యాయి. కళ్ళముందు స్టీలు గిన్నెలు తళతళలాడాయి.

"ఎందుకు నిలిచిపోయింది అత్తా?" అన్నాను నీరసంగా. ఇన్నేళ్ళలో ఆ కథ గురించి నేనొకరిని ప్రశ్న అడగడం అదే మొదలు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ మామ ఎక్కి కూర్చునె. మోటారు సరిగ్గా బిగించేదాకా దినమూ అదేదా పని. ఆయన మోటారు పక్క కూర్చుంటే, ఈ పక్క నేను పిండి తోస్తా. ఇంటి సంగతులన్నీ అప్పుడే. మాటంతా గడగడా వణుకుతుంది. మా పెద్దదాని సంబంధానికి 'స-స-సరే' అని అట్లదా చెప్పె."

ఇంత మంచి అబద్ధం నాకెందుకు తట్టలేదా అని కుళ్ళుకుంటూ రాసుకున్నాను.

ఆదివారం అన్న ఇంట్లో బంధువుల ముందు చదివాను. మామ మిల్లులో మేస్త్రీ. ఆయన దగ్గితే మగ్గాలు కూడా సర్దుకునేవని పేరు (ఇది నేను పుట్టించింది కాదు). కూర్చున్న ముక్క రాగానే అన్న చెయ్యెత్తాడు.

"నిలుపురా! బస్సెక్కిందంటే కూడా నమ్ముతా. మామ గ్రైండర్ మీద కూర్చునె అంటే నమ్మను."

అందరూ పగలబడి నవ్వారు. నేను అత్త వైపు చూశాను. వంటింట్లో నాకు చెప్పింది సరే, అల్లుళ్ళ ముందు ఒప్పుకుంటుందా?

అత్త కాసేపు చేతి గాజులు సర్దుకుంది. "కూర్చునె," అంది. "దిండు వేసుకొని."

నవ్వులు ఆగిపోయాయి.

"ఏ దిండు అత్తా?" అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

"నాదిదా."

"రెండు పేజీలూ నీవేరా," అన్నాడు అన్న.

బయటికి వచ్చాక అత్తను నిలదీశాను. "దిండు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు గ్రైండర్నిదా అడిగితివి. నన్ను అడిగితివా? ఇప్పుడు రాసుకో. దిండు చినిగిపోయె అని మాత్రం రాయద్దు. చినగలేదు."

అప్పటికే దిండు చినిగి, దూది తిరుప్పూరు దాకా ఎగిరిందని రాసేశాను. అత్త చూస్తుండగా, పళ్ళు బిగబట్టి, తిరుప్పూరును కొట్టేశాను.